యారాడ కొండ అగ్నిపర్వతమా?

విశాఖపట్నం ఓడరేవు పక్కన సముద్రంలోకి ముక్కులా పొడుచుకు వచ్చిన కొండను మీలో చాలామంది చూసే ఉంటారు. అది యారాడ కొండ కొస. దాన్ని డాల్ఫిన్స్ నోస్ అంటారు. ఈ కొండ ఎత్తు సుమారు 350 మీటర్లు.

ఇక్కడికి దాదాపు 1300 కిలోమీటర్ల దూరంలో, అండమాన్ సముద్రంలో బారెన్ ద్వీపం ఉంది. దాని ఎత్తు కూడా ఇంచుమించు అంతే. కాని అది అగ్నిపర్వతం! నూట యాభై ఏళ్ళకు పైగా నిద్రపోయి, 1991లో మళ్ళీ లావా కక్కింది. 2017లో కూడా పేలింది. మరి యారాడ కొండ కూడా ఏనాడైనా ఇలా నిద్ర లేస్తుందా?

జవాబు రాతిలోనే ఉంది.

లావా నేలమీదికి రాగానే త్వరగా చల్లారిపోతుంది. స్ఫటికాలు పెరగడానికి వ్యవధి చాలదు. అందుకే బసాల్టు రాయి నల్లగా, మెత్తని రేణువులతో ఉంటుంది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు వద్ద ఇటువంటి రాయి కనిపిస్తుంది. అది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ప్రవహించిన దక్కను లావాయే.

యారాడ రాయి అలాంటిది కాదు. గోధుమరంగు రాతిలో చారలు, ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు గార్నెట్ స్ఫటికాలు. ఈ రాతికి ఖోండలైట్ అని పేరు. ఒడిశా కొండల్లో నివసించే ఖోండు తెగ పేరిట వాకర్ అనే శాస్త్రజ్ఞుడు 1902లో ఈ పేరు పెట్టాడు.

ఒకప్పుడు ఇది నీటి అడుగున పేరుకున్న బంకమట్టి. తర్వాత భూమి పొరల్లో 20, 30 కిలోమీటర్ల లోతుకు దిగిపోయింది. సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం అక్కడి వేడికి, ఒత్తిడికి రూపం మార్చుకుంది. తూర్పు కనుమల్లో కొన్నిచోట్ల ఆ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటింది! రాయి కొంత కరిగింది కూడా. అయినా లావాగా పైకి ఉబకలేదు. లోపలే నెమ్మదిగా చల్లారింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్ళలో అరిగిపోగా ఈనాడు మనకు కొండగా కనిపిస్తున్నది. అంటే ఇది అగ్నిపర్వతం కాదు, రూపాంతర శిల.

బారెన్ ద్వీపం సంగతి వేరు. అక్కడ భారత ఫలకం మరో ఫలకం కిందికి దిగుతున్నది. దిగే ఫలకంతోపాటు నీరు కూడా లోపలికి పోతుంది. ఆ నీరు తగిలితే పైనున్న వేడి శిల తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది. అలా పుట్టిన శిలాద్రవమే పైకి వస్తుంది. సుమత్రా, జావాల అగ్నిపర్వతాలు కూడా ఈ వరుసలోనివే. యారాడ ఫలకం అంచున లేదు. కనుక అది పేలుతుందన్న భయం అక్కరలేదు.

మీరే చూడండి: యారాడ తీరంలో ఇసుక మీద నల్లని, ఎర్రని చారలు కనిపిస్తే బూడిద అనుకోకండి. గుప్పెడు ఇసుక తీసుకుని భూతద్దంతో పరిశీలించండి. ఎర్రనివి గార్నెట్లు. నల్లనివాటిలో ఎక్కువ ఇల్మనైటు. ఇవి బరువైనవి. అలలు తేలికైన ఇసుకను ఈడ్చుకుపోతే ఇవి మిగిలిపోతాయి. ఆ ఎర్రని రేణువు మీ కొండ నుంచి రాలిందే కావచ్చు!