రోస్టరు పుస్తకం తెరిపించండి

స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పరీక్ష నెగ్గి ఢిల్లీలో కొలువుకు వచ్చిన మన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. కేంద్ర సచివాలయంలో పనిచేశాను. కొన్నేళ్లు ఎస్సీ, ఎస్టీ లైజన్ ఆఫీసరుగా రిజర్వేషన్ల అమలు చూశాను. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. హక్కు రాజ్యాంగం 16వ అధికరణంలో ఉంది, దాని లెక్క రోస్టరులో, అంటే ఏ వరుస పాయింటులోని పోస్టు ఎవరిదో చూపే పుస్తకంలో ఉంది. సబర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 1997 జూలై 2న సిబ్బంది శాఖ ఇచ్చిన ఉత్తర్వుతో ఖాళీల లెక్క పోయి పోస్టుల లెక్క వచ్చింది. అఖిల భారత పోటీ పరీక్షల నియామకాల్లో 4వ పాయింటు ఓబీసీలది, 7వది ఎస్సీలది, 14వది ఎస్టీలది.

ఒక ఆఫీసులో తనిఖీకి కూర్చుంటే, ఎస్సీ పాయింటు ఎదురుగా ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అని అందమైన దస్తూరితో రాసి ఉంది. నియామక ఫైలు తెమ్మన్నాను. చాలాసేపటికి తెచ్చారు. పుటలన్నీ తిప్పాను. అసలు ఆ పోస్టుకు ప్రకటనే ఇవ్వలేదు! దాన్ని బ్యాక్‌లాగ్‌లో, అంటే నింపకుండా మిగిలిపోయిన రిజర్వు ఖాళీల్లో చూపించేదాకా ఆ పుట మీద సంతకం పెట్టలేదు. 2000లో వచ్చిన 81వ రాజ్యాంగ సవరణ పుణ్యమా అని బ్యాక్‌లాగ్ ఖాళీలు ఆ ఏటి 50 శాతం రిజర్వేషన్ల పరిమితిలోకి రావు. అందుకే ఒక పాయింటు బ్యాక్‌లాగ్‌లోకి ఎక్కిందంటే ఒక ఇంటికి ఉద్యోగం మిగిలినట్టే. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ పి.ఎస్. కృష్ణన్ సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఉండగానే 1990లో ఓబీసీ రిజర్వేషన్ల మండల్ ఉత్తర్వు వెలువడింది. అంత పెద్ద ఉత్తర్వు కూడా చివరికి ఒక గుమాస్తా నింపే గడిలోనే నెగ్గాలి, లేదా ఓడాలి.

2. ఏటా మన పనితీరు మీద రాసే నివేదిక (ఏపీఏఆర్) చేతికి రాగానే చదవండి. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, పై అధికారి మన గురించి ఏం రాశాడో మొత్తం మనకు చూపించాల్సిందే. అభ్యంతరానికి గడువు 15 రోజులు. ‘గుడ్’ అని ఉంటే సంతోషించకండి. ప్రమోషన్ రాకపోయినా జీతం స్థాయి పెంచే ఎంఏసీపీకి 2016 నుంచి ‘వెరీ గుడ్’ కావాలి. కులం పేరు ఎత్తకుండా మనిషిని తొక్కేది ఇక్కడే.

3. వివక్ష రూలులోనే ఉంటే రూలునే నిలదీయాలి. విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. అప్పట్లో ఆ సర్వీసులో ఆడవాళ్లు పెళ్లికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, పెళ్లయ్యాక రాజీనామా చేయమన్నా చేయాలి. ప్రమోషన్ దక్కక ఆమె సుప్రీంకోర్టుకెక్కారు. కేసు నడుస్తుండగానే ప్రమోషన్ వచ్చింది, ఆ నిబంధనా పోయింది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ పిటిషన్ కొట్టేస్తూనే, సర్వీసు నియమాలన్నీ సరిచేయమని ప్రభుత్వానికి చీవాట్లు పెట్టారు.

4. గురుగ్రామ్, నోయిడా ప్రైవేటు కంపెనీల్లో రోస్టరు లేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు ఢిల్లీ సహా నగరాల పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపి చూశారు. చదువు ఒకటే, పేర్లు వేరు. దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయని 2007లో ప్రచురించారు. ఈ గుమ్మం దగ్గర వివక్షను పట్టుకునే చట్టం ఇంకా రావాలి.

5. పది మంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఊడ్చే ఆమె ఏజెన్సీ మనిషి, మాకు సంబంధం లేదంటే ఊరుకోవద్దు. 2013 చట్టం లెక్కలో కాంట్రాక్టు మనిషీ ఉద్యోగే. ఫ్లాట్లలో పనిచేసే ఆడవాళ్లకు జిల్లాలో స్థానిక కమిటీ ఉంది. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. రాయలేని ఆమెకు రాయడంలో సాయపడాలని చట్టమే కమిటీకి చెప్పింది. వాళ్లు నాన్చితే పక్కన కూర్చుని హిందీలో మీరే రాసిపెట్టండి.