చెరువు – తూము

లాప్‌టాప్ తెరపై కనబడు బొమ్మ లక్షలకొలది చుక్కల కూర్పు. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల తెరపై వెరసి 20,73,600 చుక్కలుండును. సాధారణముగా ఇవి సెకనునకు 60 మారులు క్రొత్తగా దిద్దబడుచుండును. బొమ్మలను సిద్ధపఱచునది గ్రాఫిక్స్ కార్డు. అందులకు వలయు సమాచారమును అది దాచుకొను చోటే వీడియో మెమరీ.

కొనువారు తఱచుగా ఈ మెమరీ యెన్ని గిగాబైట్లని మాత్రమే యడుగుదురు. అది సగము ప్రశ్న. చెరువెంత పెద్దదైనను తూము సన్నమైనచో ఆయకట్టునకు నీరు వేళ కందదు. మెమరీకిని అట్లే పరిమాణము వేఱు, వేగము వేఱు.

ఎన్విడియా సంస్థ 2016లో వెలువరించిన జీఫోర్స్ 940 ఎం.ఎక్స్. అను లాప్‌టాప్ కార్డును చూడుడు. ఒకే పేరుతో అది రెండు విధముల మెమరీతో వచ్చినది: ఒకటి డి.డి.ఆర్. 3, మఱియొకటి జి.డి.డి.ఆర్. 5. రెండింటను సమాచారము నడచు దారులు 64. ఒక్కొక్క దారిన సెకనునకు మొదటి దానిలో సుమారు 2 గిగాబిట్లు, రెండవదానిలో సుమారు 5 గిగాబిట్లు నడచును. ఎనిమిది బిట్లు ఒక బైటు గదా! లెక్కింపగా మొదటిది సెకనునకు 16 గిగాబైట్లను, రెండవది 40 గిగాబైట్లను అందించును. పేరొకటే యైనను ఫలము వేఱు.

అట్లయినచో మందగతి గల మెమరీని వాడనేల? డి.డి.ఆర్. 3 కంప్యూటరు ముఖ్య మెమరీగా విరివిగా తయారైనది. కావున చౌకగా లభించెడిది. వ్రాతపనికిని, చలనచిత్రములు చూచుటకును అది చాలును. వేగము హెచ్చినకొలది విద్యుత్తు వ్యయమును, వేడియు హెచ్చుట కలదు. లాప్‌టాప్ పలుచని పెట్టె. అందు గాలియాడు చోటు తక్కువ, బ్యాటరీ శక్తి పరిమితము. అందుచే తయారీదారులు వెల, వేగము, వేడి యను మూడింటిని తూచి మెమరీని ఎన్నుకొందురు.

విజ్ఞానము పెరిగినకొలది ఈ తూకమును మారుచుండును. జి.డి.డి.ఆర్. 5 సాధారణముగా 1.5 వోల్టులతో పనిచేయగా, తరువాత వచ్చిన జి.డి.డి.ఆర్. 6 సాధారణముగా 1.35 వోల్టులతోనే అంతకంటె వేగముగా పనిచేయును. లాప్‌టాపులకై 2019లో వచ్చిన జీఫోర్స్ జి.టి.ఎక్స్. 1650 జి.డి.డి.ఆర్. 5తో సెకనునకు 128 గిగాబైట్లను అందించెను. 2020లో అదే పేరిట జి.డి.డి.ఆర్. 6తో వచ్చిన కార్డు 192 గిగాబైట్లను అందింపగలిగెను.

పరిమాణమును తృణీకరింపరాదు. చెరువే యెండినచో తూము వెడల్పు ఏమి చేయును? అయినను 4 గిగాబైట్ల మందగతి మెమరీ 2 గిగాబైట్ల వేగవంతమైన మెమరీకంటె అన్ని పనులకును మేలైనదని భ్రమపడరాదు. తల్లిదండ్రులు కష్టార్జితమును వెచ్చించి మీకు లాప్‌టాప్ కొనునాడు, బాలలారా, మెమరీ యెంత, యే రకము, సెకనునకు ఎంత సమాచారము నందించును అను మూడు ప్రశ్నలను మీరే యడుగుడు. అంగడివాని మాటకంటె ఆ లెక్కయే మీకు తోడగును.