మాట జారిన బిడ్డ – మన కర్తవ్యము

తలిదండ్రులారా!

ప్రతి సంవత్సరము ఈ సంచికలో పరీక్షలను గూర్చియో, మాతృభాషాభ్యాసమును గూర్చియో మీకు నాలుగు మాటలు విన్నవించుచుంటిమి. ఈ పర్యాయము వేరొక పాఠము చెప్పదలచితిమి. ఇది పాఠ్యపుస్తకములలో లేదు. దీనిని మేము సైతము ఆలస్యముగనే నేర్చుకొంటిమి. నేర్చుకొనుటకు ముందు ఒక తప్పు చేసితిమి.

గడచిన విద్యా సంవత్సరమున ఫిబ్రవరి 27వ తేదీన, మరాఠీ భాషా గౌరవ దినము సందర్భమున, మన పాఠశాలలో సభ జరిగినది. ఆ రాత్రి మన విద్యార్థి యొకడు తన వాట్సాప్ స్టేటసులో మరాఠీ మాటలాడు వారి ఉచ్చారణను వెక్కిరించుచు రెండు పంక్తులు వ్రాసినాడు. తోటి బాలురు చూచి నవ్వవలెననుటయే వాని కోరిక. అవి మొరటు మాటలే. అందు సందేహము లేదు. పది నిమిషములకు వానికే భయము కలిగి వానిని తుడిచివేసెను. కాని అంతకు మునుపే ఎవరో స్క్రీన్‌షాటు తీసియుండిరి. తెల్లవారునప్పటికి ఆ పటము పేటలన్నిటికి ప్రాకినది. మరెవరో దానికి బాలుని ఫోటోను, పాఠశాల పేరును, తండ్రి ఫోను నంబరును జతచేసిరి. మధ్యాహ్నమునకు తండ్రి నడుపుకొను చిన్న కిరాణా దుకాణము ముందు జనము గుమిగూడి కేకలు వేసిరి. ఆ దుకాణమునకు వచ్చువారిలో సగము మంది మరాఠీవారే.

మనవారు మాత్రమేమి చేసిరి? మన సంఘపు వాట్సాప్ గ్రూపులోనే “వీనిని వెంటనే పాఠశాలనుండి తొలగింపుడు” అని వ్రాసినవారు కలరు. “మన జాతికి తల వంపు తెచ్చినాడు” అన్నవారు కలరు. అట్లు వ్రాయుచు ఆ పటమునే మరల మరల పంపినవారును కలరు.

ఇక మా సంగతి. మరునాడు ఉదయ ప్రార్థన వేళ విద్యార్థులందరి యెదుట ఆ బాలుని పేరెత్తి, ముందునకు పిలిచి, గట్టిగా మందలించితిమి. పాఠశాల గౌరవమును కాపాడితిమని ఆనాడు తలచితిమి. ఆ మరునాటినుండి బాలుడు బడికి రాలేదు. నాలుగవ దినమున తల్లి వచ్చి మా గది గుమ్మము కడ నిలిచి, “సారూ, పిల్లగాడు అన్నం ముడ్తలేడు, ఎవ్వరితోని మాట్లాడ్తలేడు” అని కంట నీరు పెట్టినది. అప్పుడు మా తప్పు మాకు తెలిసినది.

బాలుని పేరును, తరగతిని ఇచట చెప్పము. కొన్ని వివరములను మార్చితిమి. వాని తలిదండ్రులు చదివి సమ్మతించిన పిమ్మటనే దీనిని అచ్చునకు ఇచ్చితిమి. ఆనాడు పాటింపవలసిన నియమమును ఈనాడైనను పాటించుట మంచిది గదా!

కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమని మన పెద్దలు చెప్పిరి. ఆ కాలమున జారిన మాటను విన్నవారు పదిమంది. వారు మరచినచో మాటయు పోవును. నేడు మాట వ్రాతయై, వ్రాత పటమై, పటము వేయి ఫోనులలో నిలుచుచున్నది. వాట్సాప్ స్టేటసు 24 గంటలకు తనంతట మాయమగును. స్క్రీన్‌షాటు మాయము కాదు. పుకారుల వ్యాప్తిని తగ్గించుటకు ఆ కంపెనీ 2018లో మన దేశమున ఒక సందేశమును ఒక పర్యాయము అయిదు చోట్లకు మించి పంపకుండ హద్దు పెట్టినది. 2020లో, చాల పర్యాయములు చేతులు మారిన సందేశమును ఒక్కసారికి ఒక్క చోటికే పంపునట్లు చేసినది. అయినను పంపు చేతులు వేలకొలది ఉన్నప్పుడు ఈ హద్దులు వేగమును తగ్గించునే కాని ప్రయాణమును ఆపవు.

ఇట్టిది మన పేటలోనే జరిగినదనుకొనరాదు. 2013వ సంవత్సరము డిసెంబరు 20వ తేదీన ఒక మహిళ లండనులో విమానమెక్కుటకు ముందు ట్విట్టరులో – నేడు దానిని ఎక్స్ అనుచున్నారు – ఆఫ్రికావారిని, ఎయిడ్సు వ్యాధిని గూర్చి ఒక మోటు హాస్యము వ్రాసినది. ఆమె వ్రాతలను అనుసరించువారు సుమారు 170 మంది మాత్రమే. ఆమె కేప్‌టౌనునకు ప్రయాణము చేసిన పదునొకండు గంటలలో ప్రపంచమంతట లక్షలాది ప్రజలు ఆ వాక్యమును చదివిరి, తిట్టిరి, ఆమె విమానము ఎప్పుడు దిగునాయని వేడుకగా ఎదురుచూచిరి. దిగి ఫోను తెరచువరకు ఆమెకు ఏమియు తెలియదు. ఉద్యోగము పోయినది. ఆమె వ్రాసినది తగని మాట. కాని తన పక్షమున ఒక్క మాట చెప్పుకొనుటకు ముందే తీర్పును శిక్షయు ముగిసిపోయినవి.

మన రాష్ట్రములోనే జరిగిన ఉదాహరణము మరియొకటి కలదు. 2012 నవంబరులో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబయి స్తంభించినది. ఆ బందును ప్రశ్నించుచు పాల్ఘరులో ఒక యువతి ఫేస్‌బుక్కున కొన్ని మాటలు వ్రాయగా, ఆమె స్నేహితురాలు దానికి ‘లైక్’ కొట్టినది. వ్రాసిన యువతి బంధువుయొక్క ఆసుపత్రిపై గుంపు పడి ధ్వంసము చేసినది. యువతులిరువురను పోలీసులు అరెస్టు చేసిరి. తిట్టులేని ఆ ప్రశ్న సైతము గుంపు కంటికి అపరాధముగా కనబడినది. ఇటువంటి అరెస్టుల పిమ్మటనే సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ సెక్షనుపై సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయబడినది. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షనును కొట్టివేసినది. తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తులలో కృష్ణా జిల్లావారైన జస్టిస్ చలమేశ్వరుగారు ఒకరు. చర్చించుట వేరు, ఒక పక్షమును సమర్థించుట వేరు, రెచ్చగొట్టుట వేరు అని ఆ తీర్పు విడదీసి చెప్పినది. మొదటి రెండును వినువారికి ఎంత అప్రియములైనను వానిని నిషేధించుటకు వీలులేదు. మూడవదానికే చట్టము అడ్డుపడవచ్చును.

దీనిని బట్టి ఏమి వ్రాసినను చెల్లునని బిడ్డలు తలపరాదు. భాషా వర్గములనడుమ, మత వర్గములనడుమ ద్వేషమును రగిల్చు మాటలు నేటికిని నేరములే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షను ఇందుకు సంబంధించినదే. చట్టము మాట అట్లుండగా, మన సంగతి మనకు వేరుగా కలదు. తాతల కాలమున మగ్గముల పనికై ఈ నేలకు వచ్చితిమి. ఇచటి నీరు త్రాగితిమి, ఇచటి వారితో పండుగలు చేసికొంటిమి. రాజ్యాంగపు 30వ అధికరణము మన పాఠశాలను మనము నడుపుకొను హక్కును ఇచ్చినది. ఇరుగుపొరుగుల ఆదరమును ఏ అధికరణమును ఈయజాలదు. ఎక్కువమంది గలవారిలో ఒక బాలుడు తప్పు చేసినచో అది వాని తప్పే. మనలో ఒకడు చేసినచో “తెలుగువారు ఇట్టివారు” అను మాట బయలుదేరును. అందువలననే మనకు అంత కోపము వచ్చినది. ఆ కోపమునకు మూలము మన భయమే. దానిని ఆ బాలుని తలపై పెట్టితిమి.

మరి, ఆ బాలుని అంతమంది ఏల తిట్టిరి? అందరును దుర్మార్గులా? కారు. ఒక్కొక్కరును న్యాయమైన మాటయే ఒకటి అన్నామనుకొనిరి. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ విషయమునే ప్రయోగములతో పరిశీలించిరి. తప్పు మాట వ్రాసిన వానిని ఒకడు మందలించినచో చూచువారు మెచ్చుకొందురు. అదే మందలింపు పలువురు కలిసి చేసినచో చూచువారికి అది దౌర్జన్యముగ తోచి, తప్పు చేసినవానిపైననే జాలి కలుగును. 2021లో యేలు విశ్వవిద్యాలయమువారు సుమారు ఒక కోటి ఇరువదియేడు లక్షల ట్వీట్లను పరిశీలించి, ఆగ్రహముతో వ్రాసిన దానికి లైకులు వచ్చినవారు ఆ పిమ్మట మరింత ఆగ్రహముతో వ్రాయుచున్నారని తెలిపిరి. అనగా కోపమునకు మెప్పు దొరకుచున్నది. మెప్పు దొరకిన పనిని ఎవరైనను మరల చేయుదురు. తరగతిలో మేము ప్రతిదినము చూచుచున్నదే ఇది.

ఒక్క గురువు కొట్టు ఒక్క దెబ్బకు కూడ నేడు చట్టము ఒప్పదు. అట్లుండగా వేయిమంది తలకొక దెబ్బ కొట్టినచో దానికి లెక్క ఎవరు చెప్పవలెను? బాల న్యాయ చట్టము, 2015, 74వ సెక్షను చూడుడు. నేరము చేసినాడను ఆరోపణ గల బాలుని పేరునైనను, ఫోటోనైనను, పాఠశాలనైనను పత్రికలలో కాని ఇతర ప్రసార సాధనములలో కాని బయటపెట్టరాదని అది శాసించుచున్నది. బిడ్డకు తిరిగి వచ్చుటకు ఒక త్రోవ ఉండవలెననుటయే ఆ నియమములోని దయ. దొంగతనము చేసిన బాలునకు చట్టము చూపిన ఆ దయను, రెండు పంక్తులు వ్రాసిన మన బాలునకు మనము చూపలేదు. మందలింపవద్దని మేము చెప్పుట లేదు. తప్పును తప్పనియే చెప్పవలెను. కాని శిక్షకు కొలత ఉండవలెను. శిక్ష ముగిసిన పిమ్మట బాలుడు నలుగురిలో తలయెత్తి నిలుచు చోటుండవలెను.

ఆ చోటును చూపినవారు మన పాఠశాలలో మరాఠీ బోధించు బాయిగారు. తల్లి వచ్చిపోయిన సాయంత్రము వారు మా గదికి వచ్చి, “వాడు వెక్కిరించినది నా భాషను. వానిని మందలించు హక్కు ముందు నాది. నన్ను అడుగకయే ఇందరు మందలించినారు” అన్నారు. మేము బదులు చెప్పలేకపోతిమి. వారు మరునాడు బాలుని ఇంటికి పోయి, వానితో కలిసి భోజనము చేసి, “ఆ మాట నీకు ఎక్కడిది?” అని అడిగిరి. బాలుడు చాలసేపు తల వంచుకొని, “ఇంట్లో అందరు అట్లనే నవ్వుతారు” అన్నాడట. తలిదండ్రులారా, ఈ మాటను మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. మనము నట్టింట నవ్వుకొన్న మాటయే బాలుని చేతి ఫోనులో అక్షరములైనది.

పిమ్మట బాలుడు తండ్రితో కూడ దుకాణము చుట్టుప్రక్కల ఇండ్లకు పోయి, మరాఠీలోనే క్షమాపణ చెప్పినాడు. కొందరు తలుపు తీయలేదు. ఒక ముసలామె వానిని కూర్చుండబెట్టి టీ ఇచ్చినది. మేమును వాని ఇంటికి పోయి, అందరి యెదుట నిలబెట్టుట మా పొరపాటని వానితోనే చెప్పితిమి; ఆ మాటనే ప్రార్థనలోను చెప్పితిమి. తొమ్మిదవ దినమున బాలుడు బడికి వచ్చినాడు. నేటికిని చివరి బెంచీమీదనే కూర్చుండును; ప్రశ్న అడిగినచో జవాబు తెలిసియు చేయి ఎత్తడు. ఆ పటము ఎవరి ఫోనులోనో ఇంకను ఉండియే యుండును.

కావున ఇట్టి సమయమున చేయవలసిన పనులను క్లుప్తముగ చెప్పుచున్నాము.

మీ బిడ్డ తగని మాట వ్రాసినచో ముందు ఆ వ్రాతను తీసివేయింపుడు. జరిగినది తెలియుటకు ఒక నకలు మీ కడ ఉంచుకొనుడు. బిడ్డను కొట్టకుడు. నొచ్చినవారికి నేరుగా, సాకులు లేక, ఒక్కసారి క్షమాపణ చెప్పింపుడు. ఫోనులో వచ్చు ప్రతి తిట్టునకు బదులు వ్రాయకుడు. వ్రాసినకొలది మంట పెరుగును. పాఠశాలకు అదే దినమున తెలుపుడు. బెదిరింపులు వచ్చినచో పోలీసు ఠాణాకు పోవుడు. ఆ దినములలో బిడ్డను ఒంటరిగా విడువకుడు. తిండిని, నిద్రను కనిపెట్టి చూడుడు. అవసరమైనచో 1098 నంబరునకు ఫోను చేయవచ్చును. అది బాలల సహాయమునకు ఏర్పడినది.

ఇతరుల బిడ్డ వ్రాసినచో, ఖండించుటకైనను ఆ పటమును మరొకరికి పంపకుడు. తలిదండ్రులు తెలిసినవారైనచో వారికి మాత్రము చెప్పుడు. పదిమంది అదివరకే తిట్టియుండగా మనము పదునొకండవవారము కానక్కరలేదు. చచ్చిన పామును కొట్టుట శౌర్యము కాదు.

అన్నిటికంటె ముందు, ఇంటిలో ఇరుగుపొరుగువారి భాషను, తిండిని, దైవమును ఎగతాళి చేయు మాట మానుదము. బిడ్డలు మన బోధలకంటె మన నవ్వులను త్వరగా నేర్తురు.

రాబోవు ఫిబ్రవరి సభలో మరాఠీ పద్యపఠనమునకు ఆ బాలుని పేరును బాయిగారు వ్రాసికొన్నారు. వాడింకను సరే అనలేదు. వాడు వేదికనెక్కినచో వెనుకటి మాట ఎత్తక, తక్కిన బాలురకు వలెనే చప్పట్లు కొట్టవలసినదిగ మిమ్ము కోరుచున్నాము. ఎక్కకున్నను వాని నేమియు అడుగవలదు.