స్తంభం మన వాకిట్లో, తాడు పక్కింట్లో

ప్రశ్న: మాది హుజూర్‌నగర్. హామ్ రేడియో లైసెన్సు తీసుకుని పెరట్లో 33 అడుగుల యాంటెన్నా స్తంభం నిలబెట్టాను. దాన్ని లాగిపట్టే మూడు తాళ్లలో రెండు, చెరోపక్క ప్రహరీ దాటి పడ్డాయి. ఒక పక్కవాళ్లు ఊరుకున్నారు. రెండో పక్కవాళ్లు కోసేస్తామంటున్నారు. లైసెన్సు ఉన్నా అడ్డుకోవచ్చా?

జవాబు: అడ్డుకోవచ్చు. కేంద్ర టెలికం శాఖ ఇచ్చిన లైసెన్సుతో మీకు వచ్చింది ఫలానా ఫ్రీక్వెన్సీల్లో మాట్లాడే హక్కు. పక్కవాళ్ల నేలలో మేకు దిగ్గొట్టే హక్కు అందులో లేదు. అనుమతి లేకుండా తాడు వాళ్ల వాకిలి మీదుగా పోయినా అది చొరబాటే.

ముందు టేపు పట్టి కొలవండి. స్తంభం ఎత్తులో 60 శాతం దూరాన మేకు వేస్తే 20 అడుగులు. మీది 30 అడుగుల వెడల్పు ప్లాటై, స్తంభం నడుమ ఉంటే, ఒక తాడు ప్లాటు పొడవునా పోతుంది. మిగతా రెండూ ఐమూలగా చెరోపక్క 17 అడుగుల దాకా వెళ్తాయి. మీకున్నది 15 అడుగులే. గొడవంతా ఆ రెండడుగులది! మేకుల్ని 16 అడుగులకు దగ్గర చేస్తే హద్దులోనే ఉంటాయి. అయితే తాళ్లు నిటారుగా మారి, వాటిమీద లాగుడు, స్తంభం మీద భారం పెరుగుతాయి. అందుకు తగ్గ తాళ్లు, గట్టి పునాది ఉండాలి. వేసవి ఈదురుగాలులకు ఎండకు చివికిన నైలాన్ తాడు ఆగదు.

స్తంభం పడిపోయేలా ఉందని పక్కవాళ్లు ఆర్డీవోకు అర్జీ పెడితే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద సరిచేయమనో తొలగించమనో ఉత్తర్వు ఇవ్వొచ్చు. నిర్లక్ష్యంతో ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్, ప్రాణమే పోతే 106వ సెక్షన్ వర్తిస్తాయి. ఇక కరెంటు తీగల సంగతి. స్తంభం ఎటు ఒరిగినా తీగకు తగలనంత దూరం ఉండాల్సిందే. ఈ విషయంలో రాజీ వద్దు.

పక్కవాళ్లకూ ఒక మాట: తాడు కోయొద్దు. మూడింట్లో ఒకటి తెగితే స్తంభం కూలేది ఎవరి మీదో చెప్పలేం, ఆ కేసు కోసినవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. నోటీసు ఇవ్వండి, వినకపోతే సివిల్ కోర్టులో నిషేధాజ్ఞ కోరండి.

ఊరుకున్న పక్కింటివాళ్ల దగ్గర కాగితం రాయించుకోండి. ఎన్ని తాళ్లు, ఎక్కడ మేకు, అడిగినప్పుడు తీసేస్తానన్న మాట అందులో ఉండాలి. ఇది వాళ్లకూ రక్షణే: 20 ఏళ్లు హక్కుగా, బహిరంగంగా, అడ్డులేకుండా వాడుకున్నవాళ్లు అది తమ హక్కని కోర్టుకెక్కొచ్చు, అనుమతితో వాడుకున్నవాళ్లకు ఆ దారి లేదు. వాళ్లు ఇల్లు అమ్మితే కొత్త యజమానిని మళ్లీ అడగాలి.

అడిగేటప్పుడు ఈ రేడియో దేనికో కూడా చెప్పండి. 2004 సునామీ నాడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ బృందం అండమాన్ కబుర్లను బయటి ప్రపంచానికి చేరవేసింది. విషయం తెలిస్తే చాలామంది కాదనరు. అయినా మాట కుదరకపోతే, కేసు దాకా పోకముందే న్యాయ సేవాధికార సంస్థను 15100 నంబరులో అడగండి. లోక్ అదాలత్‌లో ఇలాంటివి కూర్చుని తేల్చుకోవచ్చు.