మూడు నిమిషాల పాట

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో మల్లన్న పట్నం వేస్తే ఒగ్గు కథ ఉంటుంది. డోలు మోగుతుంది. తాళాలు పడతాయి. కథ మొదలైతే తెల్లారేదాకా సాగుతుంది. ఇంత పెద్ద కథ పాటల పెట్టెలో పడుతుందా? వెనకటి రోజుల్లో పట్టలేదు. ఎందుకో చూద్దాం.

1877లో అమెరికాలో ఎడిసన్ అనే ఆయన మాటను పట్టి ఉంచే యంత్రం చేశాడు. దాని పేరు ఫోనోగ్రాఫ్. మనం మాట్లాడితే గాలి అదురుతుంది. ఆ అదురుకు యంత్రంలోని పలుచని బిళ్ళ అదురుతుంది. బిళ్ళకు ఒక సూది ఉంటుంది. ఆ సూది, తిరుగుతున్న తగరపు రేకు మీద గీత గీస్తుంది. అదే గీత మీద సూదిని మళ్ళీ నడిపిస్తే బిళ్ళ మళ్ళీ అదురుతుంది. మాట తిరిగి వినపడుతుంది. అంతే కిటుకు!

1887లో బెర్లినర్ అనే ఆయన పళ్ళెం లాంటి రికార్డు తెచ్చాడు. అదే గ్రామఫోన్. ఒక్క అచ్చుతో ఎన్నో రికార్డులు తీయవచ్చు. తర్వాత ఆ రికార్డులను దేనితో చేశారో తెలుసా? లక్కతో! లక్క గాజులు చేసే లక్కే. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే లక్క. అది ఎక్కువగా మన దేశం నుంచే పోయేది. చెయ్యి జారితే రికార్డు పగిలేది.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని పాట రికార్డు చేశారు. అప్పటికి మైకు లేదు. పెద్ద గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడాలి. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పేది. రికార్డులు తయారయ్యేది జర్మనీలో. అక్కడి పనివాళ్ళకు ఎవరి పాటో తెలియాలి కదా!

ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. అంతే పట్టేది. నాటకాల పద్యానికి అది చాలు. అందుకే వేమూరి గగ్గయ్య, కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు రికార్డులుగా వచ్చాయి. జనం ఎగబడి విన్నారు. కానీ పెట్టె మాత్రం డబ్బున్నోళ్ళ ఇంట్లోనే ఉండేది. కీ ఇచ్చి తిప్పితే పాడేది.

ఒగ్గు కథకు మూడు నిమిషాలు ఏం సరిపోతాయి? మల్లన్న పుట్టనైనా పుట్టడు!

జనగామ దగ్గరి మాణిక్యపురం చుక్క సత్తయ్య ఊరూరా తిరిగి వేల సార్లు ఒగ్గు కథ చెప్పారు. 2017లో కన్నుమూశారు. ఆయన కాలంలోనే, 1963లో, క్యాసెట్ వచ్చింది. ఒక వైపు అరగంట, తిప్పి పెడితే ఇంకో అరగంట. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా కథ పట్టాలంటే అలాంటివి పదిదాకా కావాల్సి వచ్చేది.