బంగారు బిళ్లలు అమ్మేముందు

చిరంజీవి అమ్మాయికి,

పెళ్లిలో చదివించిన బంగారు బిళ్లలు అమ్మి పైచదువు ఫీజు కడదామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి ఆలోచనే. బంగారం దాచుకునేది అవసరానికి ఆదుకుంటుందనే. అయితే కొనడానికి వెళ్లినవాళ్లకు దొరికే మర్యాద అమ్మడానికి వెళ్లినవాళ్లకు దొరకదు. అక్కడ లెక్క తెలిసినవాళ్లకే విలువ. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను. బజారుకు వెళ్లేముందు నిదానంగా చదువు.

బంగారం అమ్మకంలో అంకెలు నాలుగే: ఆ రోజు రేటు, టచ్ అంటే స్వచ్ఛత, తూకం, దుకాణం పట్టుకునే కోత. వ్యాపారి ఈ నాలుగింటినీ కలిపేసి ఒక్క మాటలో తేల్చేస్తాడు: “ఇంత వస్తుందమ్మా”. అమ్మే మనిషి ఆ మొత్తం పట్టుకుని “ఇంకో వెయ్యి వేయండి” అంటుంది. ఆయన నొసలు చిట్లించి, కాలిక్యులేటర్ మీద రెండు మీటలు నొక్కి, అయిదొందలు పెంచుతాడు. బేరం నెగ్గాననుకుని ఆమె ఇంటికొస్తుంది. పోయిందెక్కడో ఆమెకు తెలియనే తెలియదు.

లెక్క సులువుగా ఉండడానికి 24 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. చేతిలో ఉన్నది 5 గ్రాముల 999 టచ్ బిళ్ల. దాని విలువ 49,950 రూపాయలు. అదే బిళ్లకు దుకాణంలో 22 క్యారెట్ల రేటు కడితే గ్రాముకు 9,167 చొప్పున 45,835 అవుతుంది. అంటే మాట మాత్రంగా 4,115 రూపాయలు ఎగిరిపోయాయి. ఇక కోత సంగతి చూస్తే, రెండు శాతాన్ని ఒక శాతానికి తగ్గించమని గంటసేపు వాదించి గెలిచినా మిగిలేది 500. జనం ఎక్కువగా బేరమాడేది ఆ అయిదొందల దగ్గర. నాలుగు వేలు పోయే చోట మాత్రం నోరు మెదపరు.

మేలిమి బిళ్లకు 22 క్యారెట్ల రేటు కట్టడానికి కొందరు వ్యాపారులు చెప్పే కారణాలు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. “మా షాపు బిళ్ల కాదు.” “పాత బంగారం ఏదైనా మాకు ఒకటే రేటు.” “ఎలాగూ కరిగించాలి, తరుగు పోతుంది.” వీటిలో చివరిదాన్నే కాస్త పట్టించుకోవాలి. తరుగు అనేది అతుకులు, రాళ్లు, లక్క ఉన్న నగలకు సంబంధించిన మాట. అతుకు లేని 999 బిళ్లలో పోయేదేముంది? ఆ ప్రశ్న మర్యాదగానే అడగాలి. “టచ్ చూడండి, చూసిన టచ్‌కి రేటు కట్టండి” అంటే చాలు. మిషన్ 99.9 చూపిస్తుంటే 91.6 (22 క్యారెట్ల) రేటు కడతామనడానికి ఎవరికైనా మొహమాటంగానే ఉంటుంది.

ఇక నీ దగ్గరున్న బిళ్లలన్నీ ఒక్క జాతివి కావని మీ అమ్మ మాటల్ని బట్టి అర్థమైంది. వాటిని ముందు విడదియ్యి. బ్యాంకులో కొన్న బిళ్లలు చాలామంది తిరిగి బ్యాంకుకే తీసుకెళ్తారు. అక్కడ తీసుకోరు. బ్యాంకులు నాణేలు అమ్మవచ్చు గానీ తిరిగి కొనడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి లేదు. ఒక వైపు అశోక చక్రం, మరో వైపు గాంధీగారి బొమ్మ ఉన్నది ఇండియన్ గోల్డ్ కాయిన్. 2015 నవంబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 24 క్యారెట్ల, 999 టచ్ నాణెం అది, హాల్‌మార్క్ ఉంటుంది. ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎంటీసీ ద్వారా తిరిగి కొనే ఏర్పాటుతోనే దాన్ని విడుదల చేశారు కాబట్టి, దగ్గర్లో ఆ సదుపాయం ఇంకా ఉందేమో ముందు కనుక్కోవాలి. నగల దుకాణం సొంత ముద్ర వేసి అమ్మిన బిళ్లయితే బిల్లుతో సహా మొదట అదే దుకాణానికి వెళ్లడం మేలు. తిరుమలలో అమ్మే శ్రీవారి డాలర్ లాంటివి ఉంటే ఎన్ని క్యారెట్లో బిల్లు మీద చూసుకోవాలి. మెరుపు చూసి మేలిమి అనుకోకూడదు.

వీటన్నిటినీ ఒకే పళ్లెంలో పోసి తూచనివ్వకు. 22 క్యారెట్లదీ 24 క్యారెట్లదీ కలిసి తూకంలోకి వెళ్తే రేటు తక్కువదానికే పడుతుంది. జాతికొక తూకం, తూకానికొక అంకె కాగితం మీద పడాలి.

బిళ్ల అట్టతో సహా ప్లాస్టిక్ ప్యాకులో ఉంటే దాన్ని ఇంట్లో విప్పవద్దు. ఆ అట్ట మీద తూకం, టచ్, వరస నంబరు ఉంటాయి. నాణెం మీది నంబరూ అట్ట మీది నంబరూ కలిస్తే పని సగం తేలికవుతుంది. చాలా దుకాణాలు ప్యాకు కోసి మిషన్ మీద పెట్టందే కొనవు, అందులో తప్పేమీ లేదు. కోయడానికి ముందే “టచ్ సరిగా ఉంటే చేతికెంత ఇస్తారు?” అన్నది తేలాలి. ప్యాకు కోశాక బేరం కుదరకపోతే ఆ బిళ్ల పక్క దుకాణంలో విప్పిన బిళ్లే అవుతుంది.

పరీక్ష సంగతి కొంచెం తెలిసి ఉండాలి. పూర్వం గీటురాయి మీద గీసి, ఆమ్లపు చుక్క వేసి, గీత రంగు చూసి చెప్పేవాళ్లు. ఇప్పుడు ఎక్స్‌రే కిరణాలతో పనిచేసే క్యారెట్ మీటర్ పెద్ద దుకాణాల్లో సాధారణంగా ఉంటుంది. బిళ్లకు గాటు పడకుండా నిమిషంలో అంకె వస్తుంది. అది పైపొరను మాత్రమే చదువుతుంది. అందుకే అనుమానం ఉన్న సరుకును వ్యాపారి గాటు పెట్టి లోపల చూడాలంటాడు. మిషన్ తెర అమ్మేవాళ్ల వైపు తిప్పి చూపించమని అడగవచ్చు. బిళ్లను లోపలి గదికి పట్టుకెళ్తామంటే మాత్రం వెంట వెళ్లాలి, లేదా వద్దనాలి. బంగారం కంటికి కనిపించకుండా పోకూడదు.

ముందే స్వచ్ఛత తేల్చుకుని వెళ్లాలనుకుంటే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ కేంద్రాలున్నాయి. వినియోగదారులు తెచ్చే నగల పరీక్షకు నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు, అయిదు లేదా అంతకంటే ఎక్కువైతే వస్తువుకు 45 రూపాయలు చొప్పున 2023 నాటికి బీఐఎస్ రుసుము ఉండేది. బిళ్లలు కూడా చూస్తారా అని ఫోన్ చేసి కనుక్కుని వెళ్లాలి. ఆ కాగితం చేతిలో ఉన్న మనిషితో వ్యాపారి మాట్లాడే తీరే మారిపోతుంది.

తూకం దగ్గర కళ్లు పెద్దవి చేసుకోవాలి. గ్రాము పది వేలన్న లెక్కలో మిల్లీగ్రాము అంటే పది రూపాయలు, పది మిల్లీగ్రాములంటే వంద. ముందు ఖాళీ పళ్లెం మీద అంకె సున్నా చూపిస్తోందా, త్రాసు మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా, ఫ్యాను గాలి తగలకుండా గాజు మూత వేశారా చూడాలి. అంకె నిలబడ్డాక పైకే చదవాలి: “నాలుగు గ్రాముల తొమ్మిది వందల తొంభై ఎనిమిది మిల్లీగ్రాములు.” రాసుకోవాలి. ఇంకో మాట. తెలంగాణలో ఇవాళ తులమంటే పది గ్రాములు, పాత తులం 11.66 గ్రాములు. ఆంధ్రలో కాసంటే ఎనిమిది గ్రాముల లెక్క. బేరంలో తులాలూ కాసులూ పలకనీయకుండా గ్రాముల్లోనే మాట్లాడమనాలి.

ఇక మిగిలింది కోత. రేటు, టచ్, తూకం సరిగ్గా తేలాక బేరమాడాల్సింది దీని మీదే. వ్యాపారి వైపు కూడా న్యాయముంది. కొన్న బిళ్లను ఆయన కరిగించాలి, శుద్ధి చేసేవాళ్లకు కూలి ఇవ్వాలి, ఈలోగా రేటు పడిపోతే నష్టం భరించాలి. దొంగసొత్తు కొంటే పోలీసులు ఆయన గడపే తొక్కుతారు. ఆధార్, పాన్ అడిగితే చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు, అడిగే దుకాణమే నయం. కాబట్టి కొంత కోత ఇవ్వక తప్పదు. బిల్లు ఉన్న 24 క్యారెట్ల బిళ్లకు ఒకటి రెండు శాతం దాటి అడిగితే లేచి రావాలన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. “జీఎస్టీ మూడు శాతం పోతుంది” అనే మాటకు అసలు ఒప్పుకోకూడదు. మామూలు మనిషి తన సొంత బంగారం అమ్ముకోవడం వ్యాపారం కాదు కాబట్టి దానిమీద జీఎస్టీ లేదని కేంద్ర రెవెన్యూ శాఖ 2017 జులైలోనే వివరణ ఇచ్చింది.

మార్పిడి అనే ఎర ఒకటుంది. “డబ్బయితే మూడు శాతం కోత, నగ తీసుకుంటే పూర్తి రేటు” అంటారు. పూర్తి రేటు ఇచ్చినట్టే ఇచ్చి, కొత్త నగ మీద తరుగు, మజూరీ, ఆ మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ వేస్తే కోతలో మిగిలినదానికంటే ఎక్కువే వెనక్కి వెళ్తుంది. ఫీజు కట్టాల్సిన మనిషికి నగతో పనేముంది?

మీ అమ్మమ్మగారి కాసుల పేరులోంచి ఊడిన రెండు సవరన్లు నీ దగ్గరున్నాయట. వాటి దగ్గర ఆగు. మిగతా బిళ్లలతో కలిపి వాటిని అమ్మొద్దు. బ్రిటిష్ సవరన్ 22 క్యారెట్లది, తూకం 7.988 గ్రాములు, అందులో మేలిమి 7.322 గ్రాములు. అడ్డకొలత 22 మిల్లీమీటర్లకు ఒక వెంట్రుక ఎక్కువ. తూకమూ కొలతా రెండూ కలిస్తేనే అసలుది అనుకోవడానికి ఆధారం. స్థానికంగా పోత పోసిన కాసులు చాలా ఉన్నాయి, వాటిలో టచ్ తక్కువ ఉండొచ్చు. అసలుదైతే గుర్రం మీద సెయింట్ జార్జ్ బొమ్మ కింద సంవత్సరం చూడు. 1918 అని ఉండి, ఆ అంకెల పైన నేల మీద ఇంగ్లిష్ ‘ఐ’ అక్షరం సన్నగా కనిపిస్తే అది బొంబాయి టంకశాలలో కొట్టిన నాణెం. బ్రిటిష్ పాలనలో సవరన్లు ఇక్కడ కొట్టింది ఆ ఒక్క ఏడాదే. మళ్లీ మన దేశంలో ఆ అక్షరంతో సవరన్లు రావడం 2013లోనే. సేకరించేవాళ్లు ఇలాంటివాటికి బంగారం ధర మీద ఇంకొంత ఇస్తారు. కొక్కెం అతికించిన మచ్చ ఉంటే ఆ అదనం తగ్గిపోతుంది. చింతపండు పెట్టి తోమితే మరీ తగ్గుతుంది, కాబట్టి తోమకు. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకు పంపుదామన్న ఆలోచన ఉంటే మానుకో.

ఎక్కడ అమ్మాలంటే, దుకాణాలు వరసగా ఉన్న చోట. సికింద్రాబాద్ పాట్ మార్కెట్ అయినా, ప్రొద్దుటూరు బంగారు బజారు అయినా, పది అడుగులకొక దుకాణం ఉన్నప్పుడు వ్యాపారికీ తెలుసు ఈమె పక్కకు వెళ్లగలదని. మూడు చోట్ల అడగాలి. ప్రతిచోటా అడగాల్సింది ఒకటే: “అన్ని కోతలూ పోను నికరంగా చేతికెంత?” చీటీ మీద రాయించుకోవాలి. రెండో దుకాణంలో మొదటి దుకాణం అంకె ముందే చెప్పేయకూడదు, ఆయన అంకె ఆయన నోటి నుంచే రావాలి. ఆ తర్వాత చెప్పవచ్చు. “అక్కడ ఇంత అన్నారు, మీరు ఇంకో అర శాతం తగ్గిస్తే ఇక్కడే ఇస్తాను, అన్నీ ఇస్తాను” అంటే చాలామంది దిగుతారు, ఎందుకంటే ఒక్క బిళ్లకంటే ఏడెనిమిది బిళ్లలు ఒకేసారి రావడం వాళ్లకూ లాభమే. ఫీజు గడువు ఎప్పుడన్నది మాత్రం నోరు జారి కూడా చెప్పకు. పొద్దున రేటు వచ్చాక వెళ్లు, జనం కిటకిటలాడే అక్షయ తృతీయ, ధనత్రయోదశి రోజుల్లో వద్దు.

గ్రాము, రెండు గ్రాముల బిళ్లలు ఉంటే వాటి మీద పెట్టిన డబ్బంతా తిరిగి రాలేదని బాధపడకు. గ్రాము పది వేలున్నప్పుడు తయారీ ఖర్చు 5 శాతం, జీఎస్టీ 3 శాతం కలిపి కొన్నవాళ్లకు 10,815 పడుతుంది. ఆ రోజే అమ్మితే రెండు శాతం కోత పోను 9,800 వస్తుంది. చిన్న బిళ్ల కొన్న రోజే ఆ నష్టం దానిలో ఉంది, ఇవాళ బేరంతో అది పూడదు.

డబ్బు బ్యాంకు ఖాతాలోకే వేయించుకో. రెండు లక్షలు లేదా అంతకు మించి ఒకే రోజు ఒకరి దగ్గర నగదు తీసుకుంటే జరిమానా తీసుకున్నవాళ్లకే పడుతుంది. ఖాతాలో జమ అయినట్టు మెసేజ్ వచ్చేదాకా బిళ్ల చేతిలోంచి వదలకు. పన్ను సంగతీ ఉంది. బంగారం కొని 24 నెలలు దాటితే లాభం మీద 12.5 శాతం, 2024 జులై 23 నుంచి ఇదే లెక్క. పెళ్లి కానుక కాబట్టి కొన్నవాళ్ల ధర, కొన్న తేదీ నీ లెక్కలోకి వస్తాయి. కానుక ఇచ్చిన మీ మామయ్యలను, పిన్నిని అడిగి ఆ బిల్లులు దొరికితే ఫోటోలు తీసి దాచుకో.

ఒకవేళ డబ్బు ఆర్నెల్లకే కావాలంటే అమ్మకుండా తాకట్టు పెట్టే దారీ ఉంది. బంగారు నాణేల మీద మనిషికి 50 గ్రాముల దాకా అప్పు ఇవ్వడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. వడ్డీ ఎంతో, అమ్మితే పోయే కోత ఎంతో రెండూ పక్కపక్కన వేసి చూడు.

బజారుకు ఒంటరిగా వెళ్లకు, మీ అమ్మను వెంటబెట్టుకెళ్లు. బిల్లు మీద తూకం, టచ్, రేటు, కోత నాలుగూ విడివిడిగా రాసి ఇవ్వమను. ఎవరైనా మోసం చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇట్లు,
మీ పెద్దనాన్న