పసిపిల్లలు – స్వయంశౌచము: ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

ప్రశ్న: మా పాపకు నాలుగేండ్లు నిండవచ్చినవి. దొడ్డికి వచ్చునప్పుడు చెప్పుట, లాగు విప్పుకొని కూర్చుండుట అలవడినవి గాని, అయిన పిమ్మట “అమ్మా, కడుగు” అని కేకవేసి కదలక కూర్చుండును. అంగన్‌వాడీలో ఎవరిని పిలువవలెనో తెలియక ఇంటికి వచ్చువరకు ఆపుకొనుచున్నది. తునికాకు దినములలో నేను తెల్లవారకమునుపే అడవికి పోవలసివచ్చును. మా అత్తగారికి నడుము వంగదు. పాపకు ఈ పని ఎట్లు నేర్పవలెను?
— ఒక తల్లి, చండ్రుగొండ

జవాబు: అమ్మా, మీ పాప మొండితనము చేయుటలేదు. దొడ్డికి వచ్చుచున్నదని తెలిసికొనుట ఒక విద్య. కంటికి కనబడని చోటును వ్రేళ్ళతోనే గుర్తించి శుభ్రపరచుకొనుట మరియొక విద్య. మొదటిది రెండు మూడేండ్లకే పట్టుబడినను, రెండవదానికి వలసిన చేతిపొడవును, నడుము నిలుకడయు, వ్రేళ్ళనేర్పును సాధారణముగా నాలుగైదేండ్ల నడుమ గాని సమకూడవు. కావున మీరు నేర్పదలచినది సరియైన వేళకే.

అయితే అంతకంటె ముందు చూడవలసినది పాప ఆపుకొనుటను. ఆపుకొనిన మలము పెద్దప్రేగు చివర నిలిచి, అందలి నీరింకి గట్టిపడును; గట్టిపడినది వెడలునప్పుడు ఆసనము చిట్లి నొప్పి కలుగును; ఆ నొప్పికి వెరచి బిడ్డ మరింత ఆపుకొనును. ఈ చక్రము ఒకసారి మొదలైనచో తెంపుట కష్టము. రేపే పోయి అంగన్‌వాడీ టీచరుతో, ఆయమ్మతో మాటాడుడు. మూడేండ్లు నిండిన పిల్లలను చేర్చుకొను చోట ఇట్టి సాయము కోరుటలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. “దొడ్డికి వచ్చినప్పుడు ఆయమ్మను పిలువుము” అని పాపకు ఆమె యెదుటనే చెప్పుడు.

ఇక నేర్పు విధము. మొదటి పాఠము మరుగుదొడ్డిలో వద్దు. స్నానము చేయించునప్పుడు, ఒడలు శుభ్రముగా నుండగనే, గొంతుకూర్చుండబెట్టి అలవాటు చేయుడు. నిండు చెంబు పసిచేతికి బరువు. పైకెత్తగనే వొలికి చొక్కా వెనుకభాగమంతయు తడియును, బిడ్డ బెదరును. చిన్న చెంబు, అందును సగము నీరు చాలును. కుడిచేతితో నీరు పోయుచు, ఎడమచేతిని వెనుకనుండి చాచి, వ్రేళ్ళకు జిగట తగులనంతవరకు కడుగుకొనవలెనని చూపుడు. ఆడపిల్లలకు మూత్రమార్గము పొట్టిది, మలద్వారమునకు చేరువైనది. ప్రేగులలోని సూక్ష్మక్రిములు సులభముగా అందు ప్రవేశించి మూత్రమున మంట, జ్వరము కలిగించును. కావున చేయి ఎల్లప్పుడును ముందునుండి వెనుకకే కదలవలెను. ఇది మాత్రము మొదటినాటినుండి తప్పక పట్టించుడు.

మరుగుదొడ్డిలో తొలుత కొన్నినాళ్ళు మీరు కడిగి, చివరి రెండు చెంబులు పాప చేతికిండు. పిమ్మట పాపనే ముందు కడుగుకొననిచ్చి, మీరు సరిచూడుడు. మీ అత్తగారు వంగనక్కరలేదు. ప్రక్కన నిలిచి చెంబందించి, “ఇంకొకమారు, తల్లీ” అనిన చాలును. అయిన పిమ్మట ప్రత్యేకముగా ఉంచిన గుడ్డతో తడి ఒత్తవలెను. తడిమీదనే లాగు తొడిగినచో తొడలసందు ఒరసి పుండగును.

అన్నము స్వయముగా కలిపి తిన నేర్చునాడు కంచము చుట్టును మెతుకులు పడినందుకు ఏ తల్లియు బిడ్డను అసహ్యించుకొనదు, ఇక్కడను అంతే. “ఛీ” అను మాట వినిన బిడ్డ శుభ్రతను నేర్వదు, దాచుకొనుట నేర్చును. ఈ విషయమున మన యిండ్లలోని కఠినత్వము నాకు మిక్కిలి బాధ కలిగించును.

ఒడలు కడుగుకొనుటతో శౌచము పూర్తి కాదు. చేతులు కడుగుకొనుట తక్కిన సగము, నా అభిప్రాయమున అదియే పెద్ద సగము. విరేచనములు పుట్టించు క్రిములు చేతులనుండి నోటికి పోవును. మట్టితో చేయి తోముకొనుట మన పల్లెల వాడుక గాని, ఆ మట్టిలోనే పురుగుల గ్రుడ్లుండవచ్చును, సబ్బు వాడుడు. అది పెద్దల యెత్తున గోడగూటిలో నున్నచో పాపకు అందదు. సబ్బుముక్కను వలసంచిలో వేసి పాప రొమ్ము ఎత్తున వ్రేలాడగట్టుడు. నెమ్మదిగా ఇరువదివరకు లెక్కపెట్టునంతసేపు రెండు చేతులును, వ్రేళ్ళసందులును రుద్దవలెను, లెక్కయు వచ్చును.

ఈ పాఠముతోడనే మరియొకటి చెప్పుడు: శుభ్రము చేయుటకు అమ్మ, నాయనమ్మ, ఆయమ్మ తప్పను, అమ్మ యెదుట పరీక్షించు వైద్యులు తప్పను, ఆ చోటును ముట్టుకొనుటకు ఎవరికిని హక్కు లేదు, ఎవరైన ముట్టిన వెంటనే అమ్మతో చెప్పవలెను.

ప్రశ్న: మా అయిదేండ్ల బాబు తానే కడుగుకొనును. కాని రాత్రులందు ఆసనము గోకికొనుచు నిద్రపోడు. తీపి ఎక్కువ తినుటవలన అని ఇరుగుపొరుగు చెప్పుచున్నారు, నిజమేనా?
— ఒక తండ్రి, జూలూరుపాడు

జవాబు: కాదు. ఇది సన్నని నులిపురుగులవలన కావచ్చును. ఆడుపురుగు రాత్రివేళ ఆసనము చుట్టును గ్రుడ్లు పెట్టును. బాబు గోకగా అవి గోళ్ళక్రింద చేరి, ఆ చేతితోనే మరల నోటికి పోవును. తీపికి ఇందు పాత్ర లేదు. గోళ్ళు కురచగా కత్తిరింపుడు. ఉదయము లేవగనే ఆసనము కడిగించి, లాగు మార్చి, పక్కగుడ్డలు వేడినీట ఉతికి ఎండవేయుడు. ఒక్క బాబుకే గాక ఇంటిల్లిపాదికిని ఒకేనాడు మందు వేయవలెను. మందు గ్రుడ్లను చంపదు గనుక రెండు వారములకు మరల వేయవలసియుండును. మోతాదు వయస్సునుబట్టి మారును, గర్భిణులకు తోచినట్లు ఈయరాదు. కావున ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున అడిగియే వాడుడు.

ఏటేట ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినమున ఒకటి మొదలు పందొమ్మిదేండ్లవరకు గల పిల్లలకు అంగన్‌వాడీలలో, బడులలో ఆల్బెండజోల్ మాత్ర ఉచితముగ ఇచ్చెదరు. రెండేండ్లలోపు వారికి సగము, తక్కినవారికి 400 మిల్లీగ్రాముల మాత్ర పూర్తిగా ఇత్తురు; మూడేండ్లలోపు వారికి పొడిచేసి నీటిలో కలిపి త్రాగింపవలెను, పెద్దపిల్లలు నమలి మ్రింగవలెను. ఆనాడు బాబును బడి మానిపింపకుడు.